సూదిమందు నుంచి మందులేని సూదికి: కండరాల నొప్పి చికిత్స - ఒక చారిత్రక పరిశీలన

1929లో కాజీపేట - బల్లార్షా రైలుమార్గం పూర్తికావడంతో మద్రాసు, ఢిల్లీ నగరాలు కాజీపేట మీదుగా కలిశాయి. ఆవిరి ఇంజన్లలో బొగ్గు ఎగదోసిన ఫైర్‌మన్లు, పట్టాలు సరిచేసిన గ్యాంగ్‌మన్లు లేనిదే ఈ జంక్షన్ చరిత్ర లేదు. ఒకే కదలికను రోజంతా చేసే శరీరానికి మెడ, భుజం, నడుము నొప్పులు తప్పవు. ఆ స్థితిని తెలుగువారు 'పట్టేసింది' అన్న ఒక్క క్రియతో చెబుతారు. వైద్యులు 'ట్రిగర్ పాయింట్' అనేది ఈ అనుభవానికి దగ్గరిది. కండరంలో బిగుసుకున్న పోగుపై, నొక్కితే దూరానికి కూడా నొప్పి పాకే బిందువు అది.

1938లో జోనస్ కెల్‌గ్రెన్ కండరాల్లోకి గాఢమైన ఉప్పునీరు ఎక్కించి, నొప్పి ఒకచోట పుట్టి మరొకచోట తెలుస్తుందని చూపారు. 1940లలో అమెరికా వైద్యురాలు జానెట్ ట్రావెల్ అటువంటి బిందువుల్లోకి ప్రొకైన్ అనే మత్తుమందు ఎక్కించి ఉపశమనం కలిగించారు. 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ ఆ ఉపశమనానికి మందుకన్నా సూదిపోటే ముఖ్యకారణమని ప్రతిపాదించారు. రంధ్రంలేని సన్నని సూదిని మాత్రమే గుచ్చే 'డ్రై నీడ్లింగ్'కు ఈ పరిశీలన బలమైన ఆధారమైంది. సూది ఆక్యుపంక్చర్‌దే అయినా సిద్ధాంతం వేరు. ఇక్కడ గురి నాడీమార్గాలు కావు, బిగిసిన కండరం.

ఈ పరిణామం తెలుగు పదాన్ని తలకిందులు చేసింది. 'సూదిమందు' తత్పురుష సమాసం. అందులో ఉత్తరపదమైన మందుదే ప్రాధాన్యం. డ్రై నీడ్లింగ్‌లో ఆ ఉత్తరపదమే లేదు. సూది అనగానే మందు ఎక్కుతుందని నమ్మే రోగికి 'పొడి సూది' అన్న అక్షరానువాదం ఏమీ చెప్పదు. 'మందులేని సూది చికిత్స' అంటే విషయం సూటిగా తెలుస్తుంది.

ఇది కేవలం పరిభాషా చర్చ కాదు. ఈ చికిత్స కొందరికి స్వల్పకాలిక ఉపశమనం ఇస్తుంది. దీర్ఘకాలిక ప్రయోజనానికి ఆధారాలు పరిమితం. ఛాతీ, భుజాల దగ్గర సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి గాయమయ్యే ప్రమాదం అరుదుగానైనా ఉంది. ఫిజియోథెరపీ వృత్తిని జాతీయ నియంత్రణ పరిధిలోకి తెచ్చిన చట్టం 2021లో వచ్చింది. అయితే రోగి సమ్మతికి చట్టంతోపాటు అర్థమయ్యే మాట కూడా అవసరం. తన ఒంట్లోకి ఏది వెళుతున్నదో, ఏది వెళ్లడంలేదో కాజీపేట రైల్వే కార్మికునికి తన భాషలో తెలిసినప్పుడే ఆ సమ్మతికి విలువ.