తిరునెల్వేలి నుండి డోర్నకల్‌కు: ఒక సంఘం మరొక సంఘం వద్ద నేర్చిన పాఠం

ఎట్టయాపురం అనగానే మనవారికి సుబ్రహ్మణ్య భారతి జన్మస్థలమూ, ముత్తుస్వామి దీక్షితుల సమాధీ, తెలుగు మూలాలు గల జమీందారులూ స్ఫురిస్తారు. ఆ ఊరి విద్యావిలాసిని ముద్రాక్షరశాల నుండి 1904లో సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగులో వెలువడిన విషయం సంగీతాభిమానులు ఎరిగినదే. ఆ మహాకార్యానికి దీక్షితులవారిని పురికొల్పిన చిన్నస్వామి మొదలియార్ క్రైస్తవుడన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. అదే 1904లో ఈ తిరునెల్వేలి సీమకు చెందిన తమిళ క్రైస్తవ సంఘం తన తొలి ప్రచారకుని నైజాం రాజ్యంలోని తెలుగు పల్లెలకు పంపింది. సంగీత గ్రంథాన్ని గురించి వ్రాసినవారు అనేకులు. ఈ రెండవ ప్రయాణాన్ని గురించి తెలుగులో నాలుగు మాటలు నమోదు చేయడానికి మన ప్లాటినం జూబిలీ సంచిక తగిన చోటని భావిస్తున్నాను.

కోవిల్‌పట్టి, ఎట్టయాపురం ఇప్పుడు తూత్తుక్కుడి జిల్లాలోనూ, సాత్తూరు, శివకాశి విరుదునగర్ జిల్లాలోనూ ఉన్నవి గాని, నాడు ఈ ప్రాంతమంతా తిరునెల్వేలి ఉత్తర భాగంగానే పరిగణింపబడేది. దక్షిణాన తాటివనాల ఎర్రనేలలో 1799లో ముదలూరు వెలసింది మొదలు ఊళ్ళకు ఊళ్ళే క్రైస్తవం స్వీకరించాయి. ఊరి నడుమ గుడి, ప్రక్కనే బడి, రెంటినీ కనిపెట్టుకొని ఉండే ఉపదేశి, ఇదీ అక్కడి పద్ధతి. ఉత్తరాన నల్లరేగడి, ప్రత్తి సాగు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు మొదలైనవారి ఇండ్లలో తెలుగు మాట. ఈ సీమకు 1854లో కేంబ్రిడ్జి విద్వాంసుడైన థామస్ గజెటన్ రాగ్లండ్ వచ్చాడు. బంగళా కట్టుకొని కూర్చొనక, గుడారం వేసుకొని ఊరూరా తిరగడం ఆయన ఏర్పరచుకొన్న పద్ధతి. దక్షిణాది సంఘాల నుండి వచ్చిన ఉపదేశులు ఆయనకు తోడ్పడ్డారు. ఒక చోట కుదురుకొన్న సంఘం మరొక చోటికి తన మనుష్యులను పంపడమన్న అలవాటుకు బీజం అక్కడ పడింది. రాగ్లండ్ 1858 అక్టోబరు 22న శివకాశిలో కన్నుమూశాడు.

దక్షిణాన కనబడినంత సంఘవృద్ధి ఉత్తరాన కనబడలేదు. దీనికి కారణాలు పలువురు పలు విధాలుగా చెప్పవచ్చును. దక్షిణాన బంధువర్గంతో సహా ఊరంతా కదిలింది. ఇక్కడ భూస్వామ్యపు కట్టుబాట్లలో అది సాధ్యపడలేదు. భాష కూడా ఒక కారణమేనని నాకు తోస్తుంది. ఇంటిలో తెలుగు మాటాడుకొనే వారికి ఆరాధన తమిళంలో జరిగినప్పుడు అది అర్థం కాకపోదు, కాని ఇంటి మాటగా ఉండదు.

ఇక ముఖ్య విషయానికి వస్తాను. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో వెళ్ళాళన్‌విళై గ్రామంలో ఒక గురువుగారి ఇంట జన్మించారు. యువజన క్రైస్తవ సమాజమైన వై.యం.సి.ఏ. కార్యదర్శిగా 1902లో యాళ్పాణం వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవ విద్యార్థులు తామే చందాలు వేసుకొని, సముద్రానికి ఇవతల మన రామనాథపురం తీరంలోని తొండి ప్రాంతానికి ప్రచారకులను పంపుతున్నారు. తిరునెల్వేలి సంఘమో పెద్దది, పేరుగలది; అయినను తన ఎల్లలు దాటి ఎవరినీ పంపలేదు. అజరయ్య మనస్సును ఇది కలచివేసింది. మరుసటి ఏట, 1903 ఫిబ్రవరి 12న, పాళయంకోటలో భారతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. ధనం భారతీయులదే, పనివారు భారతీయులే, నిర్వహణా భారతీయులదే. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో నెలకొన్న జాతీయ మిషనరీ సంఘానికీ ఇదే నియమం. యాళ్పాణంలో విద్యార్థులు మోసిన భారాన్ని ఇక్కడ పల్లె సంఘాల భుజాల మీద పెట్టడం అజరయ్య చేసిన మార్పు. చిన్నది గాని, దూరదృష్టి గల మార్పు.

తిరునెల్వేలివారు ఎంచుకొన్న క్షేత్రం డోర్నకల్ ప్రాంతం, నేటి తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. తమిళ ప్రచారకులు అక్షరాభ్యాసం నుండి తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. గడప దాటిన పొరుగింట వినబడే తెలుగును వదలి, వందల మైళ్ళ అవతలికి పోయి తెలుగు నేర్వడం విడ్డూరమనిపించక మానదు! 1909లో అజరయ్య స్వయంగా ఉద్యోగం విడిచి, గురుత్వాభిషేకం పొంది, డోర్నకల్ చేరి గుడారంలో కాపురం పెట్టారు. ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు పట్టు పట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయనే. విదేశీ మిషనరీలలోనే గాక భారతీయ క్రైస్తవులలో కూడా కొందరు దీనికి అభ్యంతరం చెప్పారన్నది మరువరాదు.

డోర్నకల్ పల్లెలలో గుడి ప్రక్క బడి, ఉపాధ్యాయుడే ఉపదేశి అన్న పద్ధతిని ఆయన తిరునెల్వేలి నుండి తెచ్చారు. గృహిణులు వంటకు ముందు పిడికెడు బియ్యం కానుకగా తీసి ఉంచే అలవాటును ప్రోత్సహించారు. అయితే ఇక్కడి వారు ఊరంతా క్రైస్తవులైన వారు కారు. ఊరి అంచున వాడలలో ఉండి, పగలంతా కామందుల పొలాలలో పనిచేసే మాలలు, మాదిగలు. అందుచేత ఆరాధన, అక్షరాలు కూడా రాత్రి దీపం వద్దకు మారాయి. పాటలు తెలుగు బాణీలలో సాగాయి, పంట చేతికి వచ్చిన వేళ కోతపండుగ ఆరాధనలో చేరింది. ఉపదేశులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలకు కూడా శిక్షణ ఇచ్చారు. బాప్తిస్మం పొందినవారు తమ తలపై చేయి ఉంచుకొని, సువార్త చెప్పెదమని ప్రమాణం చేసేవారు. సంఘవృద్ధి జీతగాని పని కాదని, ప్రతివాని పని అని దీని భావం. వాడలలో వచ్చిన మార్పును చూచి 1930ల నాటికి ఊళ్ళలోని ఇతర కులాలవారు కొందరు కూడా సంఘంలో చేరసాగారు.

అన్నీ నెరవేరలేదు. మాల, మాదిగల మధ్య భేదం సంఘంలోకి కూడా వచ్చి తిష్ఠ వేసింది. ఆయన దానితో కడదాకా పెనగులాడారు.

సంఘాలు పరస్పరం నేర్చుకోవాలంటే విడివిడిగా ఉండి చాలదని భావించి, 1919లో తరంగంబాడిలో జరిగిన ఐక్యతా సమావేశానికి ఆయన పెద్దగా నిలిచారు. ఆ ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించేనాటికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే పరమపదించారు. అంతకు ఆరేండ్ల మునుపు, 1939 జనవరి 6న, ఆయన కట్టించిన ప్రధాన దేవాలయం ప్రతిష్ఠింపబడింది. దాని స్తంభాలు మన కోవెలలను, గుమ్మటాలు మసీదులను తలపిస్తాయి. తిరునెల్వేలి ఆలయ శిఖరాల పోలిక అందులో వెదకినా కనబడదు.