గురి తప్పని గుండు, జంతువును తప్పిన గుండు



హోసూరు, డెంకణికోట, అంచెట్టి ప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఏనుగు కథల్లోని జంతువు కాదు. రాగి కంకి గింజ పట్టే రోజుల్లో అది మన చేలోకి వస్తుంది. మా బడిలో పిల్లలు తెలుగు, తమిళం రెండూ మాట్లాడతారు, ఇంటి పక్కన కన్నడం వింటారు. ఏనుగు సంగతి వచ్చిందంటే మూడు భాషల్లోనూ ప్రశ్నలు వేస్తారు. ఒకనాడు ఏడో తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, ఏనుగును కొట్టాలంటే ఎంత పెద్ద గుండు కావాలి?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి వేటగాళ్లకు, తుపాకులు చేసేవాళ్లకు దాదాపు వందేళ్లు పట్టింది. ఆ వందేళ్లలో జరిగిన పొరపాట్లకు మూల్యం చెల్లించింది ఎక్కువగా అడవి పక్క పల్లెల జనం. ఈ రోజు ఆ కథే మీతో చెప్పుకుంటాను.

మొదట గుండు లెక్క. పాత తుపాకులకు గొట్టం కొలతను 'బోరు' అనేవారు. ఒక పౌను సీసంతో సమానమైన గుండ్లు ఎన్ని పోతపోయవచ్చో, అదే బోరు. పన్నెండు గుండ్లు వస్తే పన్నెండు బోరు. అంటే ఒక్కో గుండు సుమారు 38 గ్రాములు. ఎనిమిది బోరయితే 57 గ్రాములు. నాలుగు బోరయితే 113 గ్రాములు, మన పాత లెక్కలో పది తులాలకు కొంచెం తక్కువ. బోరు అంకె తగ్గినకొద్దీ గుండు పెరుగుతుంది. పిల్లలకు విలోమానుపాతం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

19వ శతాబ్దంలో ఏనుగు వేటకు వెళ్లిన తెల్లవాళ్లు ఇలాంటి భారీ తుపాకులే మోసుకెళ్లేవారు. మైసూరు సంస్థానంలో ఏనుగులను పట్టించిన జి. పి. శాండర్సన్ వాటిని బాగా ఎరిగినవాడు. ఆయన అనుభవాల పుస్తకం 1878లో వచ్చింది. సింహళంలోనూ ఆఫ్రికాలోనూ వేటాడిన శామ్యూల్ బేకర్ అయితే అర పౌను బరువున్న గుండును పేల్చే తుపాకి ఒకటి చేయించుకున్నాడు. అది పేలితే ఆయనే గిర్రున తిరిగిపోయేవాడట.

అంత బరువు ఎందుకు? ఆనాటి నల్లమందు గుండును అంత వేగంగా తోయలేదు. వేగం లేనప్పుడు బరువుతోనే పని జరగాలి. బరువొక్కటీ చాలదని కూడా వాళ్లకు త్వరలోనే తెలిసింది. స్వచ్ఛమైన సీసం మెత్తన. గట్టి ఎముకకు తగిలితే అప్పడంలా నలిగిపోతుంది. ఏనుగు నుదురు పైకి కొండలా కనబడినా లోపల ఎముక తేనెపట్టులాగా గాలి గదులతో నిండి ఉంటుంది. దాని వెనక, చాలా లోతున, నాలుగైదు కిలోల మెదడు ఉంటుంది. నలిగిన సీసం అక్కడిదాకా పోదు. అందుకని సీసంలో తగరమో పాదరసమో కలిపి గట్టిపరిచేవారు. ఆలోచించండి. గుండు ఎంత పెద్దది అన్న ప్రశ్న పక్కకు పోయి, గుండు దేనితో చేసింది, ఎంత లోతుకు పోతుంది అన్న ప్రశ్న అప్పుడే ముందుకు వచ్చింది.

ఆ తరువాత వేగం మీద మోజు పెరిగింది. 'ఎక్స్‌ప్రెస్' అనే రైఫిళ్లు వచ్చాయి. తేలికైన గుండు, ఎక్కువ మందు. గుండు ముక్కులో చిన్న తొర్ర ఉండేది. తగలగానే ఆ తొర్ర దగ్గర గుండు విచ్చుకోవాలని ఉద్దేశం. జింక మీద, దుప్పి మీద బాగానే పనిచేసింది. అదే గుండును పెద్దపులి భుజం మీద కొట్టినప్పుడు కొన్నిసార్లు పైకండలోనే తునాతునకలైపోయేది. పులికి పెద్ద గాయమే అయ్యేది, కానీ గుండెకూ ఊపిరితిత్తులకూ ఏమీ అయ్యేది కాదు. పులి లేచి పొదల్లోకి పోయేది. 1890లో ప్రచురించిన పుస్తకంలో బేకర్ ఈ తొర్ర గుండ్లను గట్టిగా వ్యతిరేకించాడు. పులికి తొర్రలేని మెత్తని సీసపు గుండు, బరువైనది కావాలన్నాడు. అది పుట్టగొడుగులా విచ్చుకుంటూ లోపలికి పోయి, అవతలి చర్మం దగ్గర ఆగాలి. గుండు శక్తంతా జంతువు ఒంట్లోనే ఖర్చు కావాలని ఆయన వాదన.

ఈలోగా పొగలేని మందు వచ్చింది. 1884లో ఫ్రాన్సులో, 1889లో ఇంగ్లండులో కార్డైట్ రూపంలో. దానితో గుండు వేగం ఎంత పెరిగిందంటే, వట్టి సీసం గొట్టంలోనే అరిగి అంటుకుపోయేది. కాబట్టి సీసానికి గట్టి లోహపు తొడుగు వేయవలసి వచ్చింది. 1898లో రిగ్బీ కంపెనీ .450 రైఫిల్‌ను తెచ్చింది. గొట్టం వెడల్పు అంగుళంలో సగం కూడా లేదు. గుండు 480 గ్రెయిన్లు, అంటే 31 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 655 మీటర్లు. పది తులాల గుండు చేసే పనిని రెండున్నర తులాల పైచిలుకు గుండు చేసి చూపింది.

ఈ తొడుగు రెండు రకాలయింది. గుండును ముక్కుతో సహా పూర్తిగా కప్పితే అది 'సాలిడ్'. అది విచ్చుకోదు, తిన్నగా దూసుకుపోతుంది. ముక్కు దగ్గర సీసాన్ని కొంచెం బయటకు వదిలితే అది 'సాఫ్ట్ నోస్', అంటే మెత్తని ముక్కు గుండు. అది తగలగానే విచ్చుకుంటుంది.

ఇక్కడ చరిత్రలో ఒక చిత్రం జరిగింది. 1895లో చిత్రాల్ యుద్ధంలో పూర్తి తొడుగున్న .303 గుండ్లు శత్రువును ఆపలేకపోతున్నాయని సైన్యం ఫిర్యాదు చేసింది. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ బెర్టీ క్లే ముక్కు తెరచిన గుండు తయారుచేశాడు. ఈనాడు విమానాశ్రయం ఉన్న డమ్‌డమ్ అదే. ఆ గుండు చేసే గాయం చూసి ప్రపంచం ఉలిక్కిపడింది. 1899 హేగ్ సమావేశంలో యుద్ధాల్లో అలాంటి గుండ్లు వాడకూడదని ప్రకటన వెలువడింది. అయితే మనిషి మీద క్రూరమన్న ఆ గుండే పులి వేటలో దయగలదని పేరు తెచ్చుకుంది. సైనికుణ్ణి గాయపరచి యుద్ధం నుంచి తప్పిస్తే చాలు. పులిని గాయపరచి వదిలితే కొత్త యుద్ధం మొదలవుతుంది.

ఆ విధంగా వేటగాళ్లకు ఒక సూత్రం ఏర్పడింది. పులి, చిరుత లాంటి పలుచని చర్మం గల జంతువులకు విచ్చుకునే గుండు. ఏనుగుకు విచ్చుకోని గుండు. మన కాటికి, అంటే అడవిదున్నకు, బరువైన గుండు, అది బాగా లోతుకు పోయేది కావాలి. సూత్రం తారుమారైతే ప్రమాదం. మెత్తని ముక్కు గుండు ఏనుగు తలలో దారిలోనే ఆగిపోతుంది. సాలిడ్ గుండు పులి ఒంట్లోంచి సన్నటి బెజ్జం చేసుకుని అవతలికి పోతుంది. నెత్తురు కూడా సరిగా కారదు. జాడ పట్టడం కష్టం.

ఎంపికను చెడగొట్టేవి ఇంకొన్ని ఉండేవి. 20వ శతాబ్దం మొదటి దశకంలో ప్రభుత్వం మన దేశంలో .450 రైఫిళ్లను నిషేధించింది. అంతకుముందు సైన్యం వాడిన మార్టినీ రైఫిల్ గుండు వెడల్పూ అదే. వేట గుండ్లు సరిహద్దుల్లోని దొంగ తుపాకులకు చేరతాయని భయం. దానితో కంపెనీలు .465, .470, .475 అంటూ కొత్త అంకెలతో తుపాకులు చేశాయి. ఈనాటికీ పాత కేటలాగుల్లో ఆ అంకెలు చూసి జనం అబ్బురపడతారు. వాటి వెనక ఉన్నది శాస్త్రం కాదు, ఒక సర్కారు ఉత్తర్వు.

ఈ కథలో అందరూ చెప్పుకునే పేరు డబ్ల్యు. డి. ఎం. బెల్. స్కాట్లండు మనిషి. ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో ఎక్కువ భాగం ఏడు మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తోనే. గుండు బరువు 11 గ్రాములు, తులం కన్నా తక్కువ! శాండర్సన్ నాటి నాలుగు బోరు గుండులో అది పదో వంతు. ఎలా సాధ్యమైంది? ఆ గుండు సన్నగా, పొడుగ్గా, పూర్తి తొడుగుతో ఉండేది. బల్లెం మొన లాగా తిన్నగా లోతుకు పోయేది. ఇంకో సంగతి. బెల్ ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడుందో ఏ వైపు నుంచి చూస్తే ఎక్కడ తగలాలో చదువుకున్నాడు. చిన్న గుండు ఏనుగును చంపిందనడం సగం నిజమే. మిగతా సగం ఆ చదువు. అది లేనివాళ్లు ఆయనను అనుకరించకూడదనే ఆఫ్రికాలో పలు దేశాలు ప్రమాదకరమైన జంతువులకు .375 కన్నా చిన్న రైఫిల్ వాడరాదని చట్టం చేశాయి.

సరే, ఇదంతా వేటగాళ్ల గొడవ, మనకెందుకు అనవచ్చు. 1907లో కుమావూఁ కొండల్లో జిమ్ కార్బెట్ చంపావత్ ఆడపులిని చంపాడు. అది 436 మందిని పొట్టనబెట్టుకుందని లెక్క. చచ్చిన పులి నోరు తెరచి చూస్తే కుడివైపు పైకోర సగం విరిగి ఉంది, కింది కోర దవడ ఎముక దాకా పోయింది. అది పాత తుపాకి గాయం. కోరలు పోయిన పులి తనకు సహజమైన వేట చేయలేక మనిషి మీద పడింది. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, తగని గుండో తగని గురో ప్రయోగించి ఇంటికి పోయాడు. వాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. పోయిన 436 మందిలో చాలామంది పేర్లు కూడా లేవు.

1944లో వచ్చిన పుస్తకంలో కార్బెట్ తన అనుభవం మొత్తాన్ని ఒక లెక్కలో చెప్పాడు. పులి మనిషిని తినడానికి పదింట తొమ్మిది సందర్భాల్లో కారణం గాయం, పదోదానిలో ముసలితనం. గాయాలన్నీ తుపాకివే అనలేదు. ముళ్లపంది ముళ్లు గుచ్చుకుని చెడిన పులులూ ఉన్నాయి. ముక్తేశర్ ఆడపులి అలాంటిదే. కానీ నిర్లక్ష్యంగా పేల్చి, గాయపడిన జంతువును వెతక్కుండా వదిలేయడాన్ని ఆయన మొదటి తప్పుగా ఎంచాడు.

మన ప్రాంతానికి వద్దాం. కెన్నెత్ ఆండర్సన్ 1910లో సికిందరాబాదు దగ్గర బొలారంలో పుట్టి, బెంగళూరులో జీవించి, 1974లో కన్నుమూశాడు. మన జవళగిరి పులి గురించీ, అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు, చామల లోయల పులుల గురించీ రాశాడు. ఆయన చేతిలో ఉన్నది .405 వించెస్టర్ రైఫిల్, 19 గ్రాముల గుండు. ఆయన కథలు చదివినవాళ్లకు గుర్తుండేది తుపాకి కన్నా పల్లెలే. తలుపులు బిగించుకున్న ఇళ్లు, పొద్దువాలక ముందే ఖాళీ అయిన దారులు, పశువులను మేతకు తోలలేని కాపరులు.

మా తాతగారు కుర్రతనంలో దొరల వేటకు డప్పు కొట్టి జంతువులను తోలే కూలికి పోయినవారు. రోజుకు కొన్ని అణాలు. ఆయన చెప్పేవారు: "తుపాకి చప్పుడుకు మేము భయపడేవాళ్లం కాదురా. ఆ తరువాత జంతువు పడ్డ చప్పుడు వినబడకపోతేనే భయం." ఒకసారి ఒక దొర చిరుతను కొట్టాడట. అది పడలేదు. దొర చీకటి పడుతోందని బండెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు నెత్తుటి జాడ పట్టుకుని పొదల్లోకి వెళ్లమన్నది కూలివాళ్లను. తాతగారి పక్కన నడిచినవాడి భుజాన ఆ చిరుత గోళ్ల గుర్తులు చచ్చేదాకా ఉన్నాయి. ఆ దొర ఏ గుండు వాడాడో తాతగారికి తెలియదు. ఎంపిక దొరది, భుజం కూలివాడిది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో పులుల పరిరక్షణ పథకం మొదలైంది. సరదా వేట అంతటితో సరి. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన జంతువును పట్టుకోవడం, మత్తిచ్చి తరలించడం సాధ్యం కాదని ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి నిర్ధారించి రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప చంపకూడదు. ఇప్పుడు పొలాల మీద పడే ఏనుగును పట్టాలంటే పశువైద్యుడు మత్తుసూది తుపాకితో వస్తాడు. ఆయనకూ పాత ప్రశ్నలే. జంతువు బరువెంత? మందు ఎంత? సూది ఏ కండలో దిగాలి? మందు తక్కువైతే అది లేచి తిరగబడుతుంది. ఎక్కువైతే మళ్లీ లేవదు.

ఇంకా నాటు తుపాకులు, గింజ గుండ్లు, పేలుడు ఉండలు దొంగచాటుగా వాడేవాళ్లు మన మధ్య ఉన్నారు. పైరు పోయినవాడి కడుపుమంట నాకు తెలుసు. మా ఇంట్లోనూ రాగి చేను ఉంది. కానీ గింజ గుండు ఏనుగును చంపదు, చేను కాపాడదు. చీము పట్టిన గాయంతో ఆ ఏనుగు రేపు ఎవరి వీధిలోకి వస్తుందో కొట్టినవాడికీ తెలియదు. నష్టపరిహారం కోసం తిరగడం విసుగే. అయినా ఆ దారిలో ఎవరి ప్రాణమూ పోదు.

ఆ పిల్లవాడికి ఆ రోజు ఇదే చెప్పాను. "గుండు ఎంత పెద్దదని అడగకు నాయనా. అది ఎక్కడిదాకా పోతుంది, పోకపోతే ఆ తరువాత ఎవరి మీద పడుతుంది, అది అడుగు." వాడు కాసేపు ఆలోచించి, "అయితే సార్, మీ తాతగారి స్నేహితుడికి ఆ దొర ఏమైనా ఇచ్చాడా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.