దుబాసీలు నేర్చిన ఇంగ్లీషు

మా తాత చెన్నై హార్బరులో టాలీ క్లర్కుగా పని చేసినాడు. ఓడల్లోంచి దిగే మూటల్ని, పెట్టెల్ని లెక్కపెట్టి రాయడం ఆయన ఉద్యోగం. చదివింది తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకానే. ఇంగ్లీషు మాత్రం పెట్టెల మీద చదివి నేర్చుకున్నాడు. ‘దిస్ సైడ్ అప్’ అని ఉంటే ఎటు పైకి పెట్టాలో, ‘హ్యాండిల్ విత్ కేర్’ అని ఉంటే ఎంత మెల్లగా దించాలో తెలియకపోతే సరుకు పగిలేది, మాట పడేది. అందుకే ఆ మాటలు ఆయనకు ఈ రోజుకీ మరుపు రాలేదు.

ఓడలకు బియ్యం, కూరగాయలు, తాళ్లు అమ్మే వ్యాపారిని హార్బరులో ‘దుబాష్’ అనేవాళ్లని తాత చెప్పినాడు. ఆ మాట ఎక్కడిదని మా తెలుగు అయ్యవారిని అడిగితే, ‘ద్విభాషి’ నుంచి వచ్చింది, రెండు భాషలు తెలిసినవాడు అని అర్థం అన్నారు. తెలుగులో ‘దుబాసీ’ అన్నా అదే. నా వ్యాసం ఆ మాటతోనే మొదలయింది.

ఇంకో కారణం కూడా ఉంది. మా అక్క ప్లస్ టూ ముగించి ఒక బట్టల అంగడిలో పనికి ఇంటర్వ్యూకి పోయింది. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అని అడిగినారంట. ఇంగ్లీషు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న మా అక్కకు ఒక్క మాట రాలేదు. ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకుంది. ఆ రాత్రి నాయన, “చిన్నదాన్నయినా ఇంగ్లీషు మీడియంలో వేద్దాం” అన్నాడు. ఆ చిన్నది నేనే. మా బడి వదలాలంటే నాకు మనసు రాలేదు, అక్కను చూస్తే నాయన మాట కాదనడానికి నోరూ రాలేదు. ఈ ఊళ్లో మనవాళ్లు మొదట ఇంగ్లీషు ఎట్లా నేర్చుకున్నారో చూద్దామని అప్పుడే అనిపించింది.

1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే అనే ఆయన ఇక్కడి తీరంలో స్థలం సంపాదించినాడు. ఆ స్థలం ఇచ్చింది దామెర్ల వంశపు నాయకులు. ఫ్రాన్సిస్ డేకి దుబాసీగా ఉండి బేరాలు నడిపించిన బేరి తిమ్మప్ప తెలుగువాడే. అంటే మన చెన్నపట్నం పుట్టినప్పుడే ఇద్దరి మధ్యలో ఒక దుబాసీ నిలబడి ఉన్నాడు. అప్పట్లో మనవాళ్ల కోసం ఇంగ్లీషు బడులంటూ లేవు. గోదాములో, రేవులో, కచేరీలో విని, తప్పులు మాట్లాడి, దిద్దుకుని నేర్చుకోవాల్సిందే.

దుబాసీ పని మాటలు మార్చి చెప్పడం ఒక్కటే కాదు. దొరకు సరుకు కొనిపెట్టాలి, డబ్బు సర్దాలి, ఎవరిని నమ్మాలో చెప్పాలి. నేతగాడికి ఇంగ్లీషు రాదు, దొరకు తెలుగు రాదు. మధ్యవాడు నిజమే చెప్పినాడా అని తెలుసుకునే దారి ఇద్దరికీ లేదు. అందుకే కొందరు దుబాసీలు బాగా ధనవంతులయినారు, గుళ్లు, సత్రాలు కట్టించినారు. వాళ్ల మీద మోసం ఫిర్యాదులు కూడా చాలానే వచ్చినాయి. భాష తెలియనివాడు తెలిసినవాడి చేతిలో ఉంటాడని నాకు ఇక్కడ బాగా అర్థమయింది.

అందరూ అట్లాంటివాళ్లు కాదు. 1780లో పుట్టిన ఏనుగుల వీరాస్వామయ్య చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. పన్నెండేళ్ల ప్రాయానికే ఇంగ్లీషు చదవడం పట్టుబడి, కంపెనీ ఆఫీసులో జీతం లేని వాలంటీరుగా చేరినాడు. అంటే చూస్తూ, రాస్తూ పని నేర్చుకోవడం. తర్వాత మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్ అయినాడు. జడ్జికి సాక్షి భాష తెలియదు. సాక్షి చెప్పిన మాట ఒకటి తప్పుగా చెబితే ఒక మనిషి ఆస్తి పోవచ్చు, జైలుకే పోవచ్చు. అట్లాంటి చోట రెండు భాషలూ గట్టిగా తెలియాలి. ఇంగ్లీషుతో అన్నం తిన్న ఈయన 1830 మే నెలలో దాదాపు వంద మందితో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చినాడు. దారిలో చూసినదంతా రాసినాడు. ఏ భాషలో? తెలుగులో, అదీ అప్పటి జనం మాట్లాడే తెలుగులో! 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ అదే.

అదే కాలంలో సదర్ అదాలత్ అనే ఇంకో పెద్ద కోర్టులో 1815 నుంచి 1829 దాకా వెన్నెలకంటి సుబ్బారావు అనువాదకుడుగా పని చేసినాడు. తన జీవితకథ ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. దాన్ని ఆయన కొడుకు 1873లో అచ్చు వేయించినాడు. మద్రాసు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యుడుగా ఉండి, 1820లో అప్పటి చదువుల మీద ఒక నివేదిక రాసినాడు. పిల్లలు అర్థం తెలియకుండా చదువుతున్నారన్నది ఆయన బాధ. అది చదివి నాకు మా అక్క గుర్తొచ్చింది.

భాష నేర్చుకునే కష్టం మనకే కాదు, దొరలకూ ఉండేది. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు ఉద్యోగులకు ఇక్కడి భాషలు నేర్పడానికి 1812లో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టినారు. నుంగంబాకంలో ఇప్పుడున్న కాలేజీ రోడ్డు పేరు దానివల్లే వచ్చింది. 1817లో మద్రాసు వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడే తెలుగు మొదలుపెట్టినాడు. మొదట ఒక్క ముక్క రానివాడు చివరికి మనకు నిఘంటువులు చేసి ఇచ్చినాడు. తెలుగు రానందుకు ఆయన సిగ్గుపడి మూల కూర్చోలేదు.

1844లో గవర్నర్ జనరల్ హార్డింజి, ఇంగ్లీషు చదివినవాళ్లకే సర్కారు ఉద్యోగాల్లో మొదటి చోటు అన్నాడు. 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది. ఇంగ్లీషుకు పరీక్షలు, పట్టాలు వచ్చినాయి. దానివల్ల ఎందరో బాగుపడ్డారు, కాదనను. కానీ దుబాసీ మాట్లాడటానికి నేర్చుకున్నాడు, మనం మార్కులకు నేర్చుకుంటున్నాం. మా అక్కకు రానిది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషులో నోరు తెరిచే అలవాటు. అది ఏ మీడియంలో చదివినా వాడితేనే వస్తుంది.

ఈ సంగతి నాయనకు చెప్పినా. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. “పరీక్షల దాకా చూస్తా” అన్నాడు. ఇప్పుడు రోజూ రాత్రి భోజనాలయినాక అక్క అంగడి మనిషి, నేను కొనేదాన్ని. “హౌ మచ్?”, “షో మి అనదర్ కలర్, ప్లీజ్” అని మాట్లాడుకుంటాం. తాత పక్కన కూర్చుని తప్పులు పడతాడు, ఆయన తప్పులు మేం పడతాం.

పోయిన వారం పక్కింటి అవ్వకు బ్యాంకు నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. ఎవరో ఆమెకు ఖాతా మూసేస్తారని చెప్పి భయపెట్టినారు. నేను రెండుసార్లు చదివి, తెలియని మాటలు డిక్షనరీలో చూసి, తెలుగులో చెప్పినా: “అవ్వా, ఖాతా మూయరు. ఆధార్ కాపీ ఇచ్చి రమ్మన్నారు, అంతే.” అవ్వ నా చెయ్యి పట్టుకుని, “నిజమేనా తల్లీ?” అంది. నిజమేనన్నా. అయినా ఇంటికొచ్చి, తప్పు చెప్పలేదు కదా అని ఆ ఉత్తరంలో చదివినవన్నీ ఇంకోసారి గుర్తు చేసుకున్నా. కోర్టులో నిలబడిన వీరాస్వామయ్యకు రోజూ ఇట్లాగే ఉండేదేమో.