గాజులో దాగిన ఇనుము

పాత రాజభవనాలలో అడుగుపెట్టగానే మనం తలపైకెత్తి చూసేది షాండ్లియర్లనే. "ఎంత ఖరీదో!" అని ఒకరంటే, "ఏ రాజుగారు తెప్పించారో!" అని మరొకరంటారు. ఎవరు చేశారన్న ప్రశ్న చాలాకాలం నాకూ తోచలేదు. తోచిన తరువాత వెదుకుతూ పోయి, విక్టోరియా కాలపు బర్మింగ్‌హామ్ నగరంలో ఆస్లర్ అనే గాజు సంస్థ దగ్గర ఆగాను.

1807లో థామస్ ఆస్లర్ ప్రారంభించిన ఈ వ్యాపారం 1831లో ఆయన కుమారులు ఫోలెట్, క్లార్క్‌సన్‌ల చేతికి వచ్చింది. ఆనాడు ఇంగ్లండులో గాజు మీద బరువును బట్టి ఎక్సైజు సుంకం ఉండేది. సీసం కలిపిన బరువైన గాజుతో పెద్ద వస్తువులు చేసేవారికి అది మోయలేని భారం. 1845లో ఆ సుంకం రద్దయింది. ఆరేళ్ళు తిరిగేసరికి, 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో, క్రిస్టల్ పాలెస్ నడిబొడ్డున, 27 అడుగుల ఎత్తున, 4 టన్నుల గాజుతో ఆస్లర్ సోదరులు ఒక ఫౌంటెన్ నిలబెట్టారు. చూసినవారికి అది అంతా గాజే. కాని వట్టి గాజు అంత బరువు మోయదు. స్తంభాల లోపల, కంటికి కనబడకుండా, ఇనుప కడ్డీలు దాచారు.

అప్పటికే కలకత్తాలో వారి దుకాణం ఉంది. మన దేశపు సంస్థానాధీశుల కోసం షాండ్లియర్లే గాక గాజు కుర్చీలు, గాజు బల్లలు కూడా చేసి పంపారు. వాటిలోనూ అదే పద్ధతి: లోపల చట్రం, పైన చెక్కిన గాజు.

ఆ కాలపు బ్రిటిష్ వస్తువు పుట్టుక తెలుసుకోవడానికి ఒక చక్కని ఆధారం ఉన్నది. 1842 నుండి 1883 వరకు, రిజిస్టరైన డిజైన్ల మీద వజ్రాకారపు ముద్ర వేసేవారు. దాని శిఖరాన రోమన్ అంకె మూడు ఉంటే గాజు వస్తువని అర్థం. మూలలలోని అక్షరాలు, అంకెలు సంవత్సరాన్నీ, నెలనూ, రోజునూ చెబుతాయి. ఆ రిజిస్టర్లు లండన్ శివారు క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. అయితే అందులో దొరికేది డిజైను హక్కుదారు పేరు. చెక్కిన చేతుల పేరు అక్కడ ఉండదు.

ఆ పేర్లు వేరేచోట ఉన్నాయి. 1851 జనాభా లెక్కల పుస్తకాలలో ఇంటింటికీ పేరు, వయస్సు, వృత్తి, పుట్టిన ఊరు వ్రాశారు. బర్మింగ్‌హామ్ వీధుల లెక్కలలో గాజు కోత పనివారు కనిపిస్తారు. వారు ఎవరి కార్ఖానాలో పనిచేశారో మాత్రం ఆ లెక్క అడగలేదు. ఆ పేర్లకూ ఈ షాండ్లియర్లకూ మధ్య దారం అక్కడే తెగిపోయింది.

వారి పని ఎలాంటిదో తెలుసు. ముందు ఇసుకా నీరూ జారే ఇనుప చక్రం మీద కోత, తరువాత రాతి చక్రం మీద నునుపు, చివరికి చెక్క చక్రం మీద మెరుగు. మెరుగుకు వాడిన పొడిలో తగరంతోపాటు సీసం ఉండేది. ఏళ్ళ తరబడి అది ఒంట్లో చేరి, కొందరికి మణికట్లు చచ్చుబడిపోయేవి. గాజుకు ఆ తళుకునిచ్చింది సీసమే, ఆ చేతులను పడగొట్టిందీ సీసమే.

ఫౌంటెన్ తరువాత సిడెన్‌హామ్‌లో తిరిగి కట్టిన క్రిస్టల్ పాలెస్‌కు చేరి, 1936 నవంబరు 30 నాటి అగ్నిప్రమాదంలో ఆ భవనంతోపాటే నాశనమయింది. షాండ్లియర్లు మాత్రం చాలాచోట్ల ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

మీ వైపు పాత దివాణాలలోనో, జమీందారీ లెక్కల కాగితాలలోనో ఆస్లర్ పేరు ఎవరికైనా కనబడితే దయచేసి తెలియజేయండి. కొన్నవారి పేరుతోపాటు, దానిని దించి తుడిచి మళ్ళీ ఎత్తికట్టిన నౌకర్ల పేర్లేమైనా ఉన్నాయేమో కూడా చూడండి.