సగటు వైపునకు మరలు సంఖ్యలు

పరీక్షలో చాల తక్కువ మార్కులు తెచ్చుకొన్న విద్యార్థిని మనము మందలింతుము. తరువాతి పరీక్షలో అతనికి కొన్ని మార్కులు పెరుగును. 90 దాటిన వానిని మెచ్చుకొందుము. మరుసటి పరీక్షలో వానికి తగ్గును. మందలింపే మందు, మెచ్చుకోలు చేటు అని ఉపాధ్యాయుల గదిలో తీర్మానమగును. ఈ తీర్మానములోని పొరపాటు తెలియవలెనన్న బఠాణీ గింజల వద్దనుండి మొదలు పెట్టవలెను.

ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ చార్లెస్ డార్విన్‌కు వరుసకు మేనత్త కుమారుడు. 1875లో ఇతడు పూలబఠాణీ గింజలను ఏడు పరిమాణములుగా వేరుచేసి, మిత్రులకు పంపి పెంపించెను. పెద్ద గింజల సంతతి సగటు కంటె పెద్దదే గాని తల్లిగింజలంత పెద్దది కాలేదు. చిన్న గింజల సంతతి తల్లిగింజలంత చిన్నది కాలేదు. మనుష్యులలో ఎట్లుండునో చూడవలెనని 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులను, యుక్తవయస్సు వచ్చిన వారి సంతానము 928 మంది ఎత్తులను పోల్చెను. స్త్రీల ఎత్తును 1.08 చేత హెచ్చించి పురుషుల ఎత్తుతో సమము చేసికొనెను. తల్లిదండ్రుల సగటు ఎత్తు జనసామాన్యపు సగటు కంటె 3 అంగుళములు ఎక్కువయైనచో, పిల్లల ఎత్తు సుమారు 2 అంగుళములే ఎక్కువగా నుండెను. 1886లో ప్రకటించిన వ్యాసములో దీనికి ప్రతిగమనమని పేరు పెట్టెను.

రక్తములోని ఏదో శక్తి సంతానమును సగటు వైపునకు లాగుచున్నదా? గాల్టన్ లెక్కను తలక్రిందులు చేసి చూచెను. మిక్కిలి ఎత్తరులైన పిల్లలను తీసికొన్నచో, వారి తల్లిదండ్రులే సగటుకు దగ్గరగా నుండిరి! పిల్లలు తల్లిదండ్రులను లాగజాలరు గదా. రెండు కొలతల నడుమ సంబంధముండియు అది సంపూర్ణము కానిచోట నెల్ల ఇట్లే జరుగును. ఈ సంబంధపు బలమును కొలుచు సహసంబంధ భావమును 1888లో అతడే వెల్లడించెను. 1896లో కార్ల్ పియర్సన్ దానికి సూత్రము కూర్చెను. నేడు మనస్తత్వశాస్త్ర విద్యార్థి మొదటి సంవత్సరముననే నేర్చు ‘ఆర్’ ఇదియే. సుజననవాదమునకు 1883లో నామకరణము చేసినవాడును గాల్టనే. ఆ వాదము వలన కలిగిన కీడును దాచుట తగదు. అయినను లెక్క లెక్కయే.

లెక్క తెలిసినను దానిని గుర్తించుట కష్టము. 1960 దశకములో డేనియల్ కానెమన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇజ్రాయెల్ విమానదళ శిక్షకులకు మెచ్చుకోలు గుణమును గూర్చి బోధించుచుండగా, అనుభవజ్ఞుడైన ఒక శిక్షకుడు అడ్డు చెప్పెను. మెచ్చుకొన్నవాడు మరుసటిసారి చెడగొట్టుచున్నాడు, తిట్టినవాడు బాగుపడుచున్నాడని అతని వాదము. కానెమన్ నేలపై సుద్దతో గురి గీసి, ఒక్కొక్కరిని దానికి వీపు త్రిప్పి చూడకుండ రెండేసి నాణెములు విసరుమనెను. మొదటిసారి గురికి చేరువైనవారిలో చాలమంది రెండవసారి దూరమైరి, దూరమైనవారు చేరువైరి. నాణెములను ఎవ్వరును మెచ్చుకొనలేదు, తిట్టలేదు.

మార్కులలో చదువుతో పాటు అదృష్టము కూడ కొంత కలిసియుండును. చదివిన ప్రశ్నయే రావచ్చును, ఆనాడే తలనొప్పి రావచ్చును. అట్టడుగు మార్కుల వారిని ఏరినప్పుడు దురదృష్టవంతులు ఎక్కువగా చేరుదురు. ఆ దురదృష్టము మరుసటిసారి అందరిని వెంటాడదు. మందలింపు పనిచేసినదా అని నిజముగ తెలిసికొనవలెనన్నచో, ఆ తక్కువ మార్కుల వారిని చీట్లు వేసి రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపునే మందలించి, తరువాతి పరీక్షలో రెంటి సగటులను పోల్చవలెను. మాట పడని గుంపునకు ఎన్ని మార్కులు పెరిగినవో ముందుగా చూడుడు.