కార్జపు జలగ ఆనవాలు

వేసవిలో చెరువు నీరు వెనక్కు తగ్గినకొద్దీ తడి ఆరని ఒడ్డున పచ్చగడ్డి మొలుస్తుంది. మేతకు కరువైన ఆ రోజులలో గేదెలకు అదే ఆధారం. అట్లా మేసిన పశువు కొన్ని నెలలకు చిక్కిపోవటం, పాలు తగ్గిపోవటం, దవడ క్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడటం మన పల్లెలలో పశువుల పెంపకందారులు ఎరిగినదే. అటువంటి పశువు చనిపోయినప్పుడు కాలేయాన్ని కోసి చూస్తే, పైత్యరస నాళాలలో ఆకు ఆకారం గల పురుగులు కనిపిస్తాయి. వీటినే కార్జపు జలగలు అంటారు. పేరుకు జలగలే కాని ఇవి జలగ జాతికి చెందినవి కావు. బల్లపరుపు పురుగులు అనే వేరొక వర్గంలోనివి.

ఈ పురుగు ఎక్కడి నుంచి వస్తున్నది, అసలు ఇది ఒకే జాతా, అనేకమా అనే ప్రశ్నలకు సమాధానం వెదకటంలో శతాబ్దాలు గడిచాయి. 1379లో ఫ్రాన్సు రాజు ఐదవ చార్లెస్ కోసం గొఱ్ఱెల పెంపకంపై పుస్తకం వ్రాసిన జాన్ ద బ్రీ, చిత్తడి నేలలో పెరిగే 'దూవ్' అనే మొక్కను తినటం వల్ల గొఱ్ఱె కాలేయంలో పురుగు పుడుతుందని భావించాడు. ఫ్రెంచివారు ఇప్పటికీ ఈ పురుగును ఆ మొక్క పేరుతోనే పిలుస్తారు. ఆయన చెప్పిన కారణం తప్పే, కాని చూపించిన చోటు మాత్రం సరియైనదే. 1758లో లిన్నేయస్ ఈ జీవికి ఫాసియోలా హెపాటికా అని శాస్త్రీయ నామం పెట్టాడు. పేరు వచ్చింది గాని, పురుగు కథ మాత్రం మరి నూఱేండ్లకు పైగా తేలలేదు.

1879-80 శీతకాలంలో ఇంగ్లండులో ఈ వ్యాధి వల్ల సుమారు 30 లక్షల గొఱ్ఱెలు చనిపోయాయి. వానలు విపరీతంగా కురిసి పచ్చికబయళ్ళన్నీ చిత్తడిగా మారిన కాలం అది. ఇంగ్లండు రాయల్ వ్యవసాయ సంఘం పరిశోధనకు కొద్దిపాటి ధనం ఇవ్వగా, ఆ పని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఆల్జెర్నన్ థామస్ అనే యువకుని చేతిలో పడింది. అప్పటికి అతని వయస్సు 23 సంవత్సరాలు. పురుగు గ్రుడ్లు పేడతో బయటపడి, నీటిలో పొదిగి, ఈదగల చిన్న డింభకాలు వెలువడతాయని అప్పటికే తెలుసు. ఇటువంటి పురుగులు తరాలు మార్చుకుంటూ వేరువేరు జీవులలో పెరుగుతాయని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రప్ 1842లోనే చెప్పాడు. ఆ మధ్య మజిలీ ఏదో ఒక నత్త అయి ఉండాలి. కాని ఏ నత్త?

థామస్ పొలాలవెంట తిరిగి రకరకాల నత్తలను ఏరి తెచ్చి, డింభకాల ముందు ఉంచాడు. వాటిలో ఏవీ పనికిరాలేదు. 1880 డిసెంబరులో లిమ్నియా ట్రంకాట్యులా అనే చిన్న బురదనత్తలో, గడ్డిపై గూడు కట్టుకొనే లక్షణం గల డింభకాన్ని చూశాడు. అనుమానం బలపడింది. అయితే ఋజువు చేయటానికి ఆ నత్తలు చాలినన్ని దొరకలేదు. దాదాపు రెండేండ్లు వెదకులాటే మిగిలింది. 1882 వేసవిలో నదికి వచ్చిన వరద ఆ నత్తలను కుప్పలుగా తెచ్చి ఒడ్డుకు చేర్చింది! డింభకాలు ఆ నత్తల శరీరాన్ని తొలుచుకొని లోపలికి పోవటం, అక్కడ తరం వెంట తరం పెరిగి, తోకగల సెర్కేరియాలుగా బయటకు రావటం థామస్ కన్నులారా చూశాడు. అదే సమయంలో జర్మనీలో ప్రసిద్ధుడైన లూకార్ట్ కూడా ఇదే విషయాన్ని కనుగొని, కొద్ది రోజుల ముందుగా ప్రకటించాడు. ఇద్దరికీ సమానంగా ఈ గౌరవం చెందటం న్యాయమే. సెర్కేరియాలు కట్టుకొన్న గూళ్ళను నోటితో తినటం వల్లనే పశువుకు పురుగు సోకుతుందని బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫో లుట్జ్ 1892-93లో హవాయి దీవులలో చూపించాడు. దీనితో కథ పూర్తి అయినట్లే కనిపించింది.

కాని ఇక్కడొక చిక్కు ఉన్నది. హవాయి పశువులలోని పురుగు హెపాటికా కాదనీ, ఫాసియోలా జైగాంటికా అనే వేరొక జాతి అనీ తరువాత తేలింది. ఈ రెండవ జాతిని 1855లో కాబోల్డ్ అనే ఆంగ్లేయుడు జిరాఫీ కాలేయం నుంచి తీసి వర్ణించాడు. హెపాటికా సాధారణంగా 30 మిల్లీమీటర్లకు మించదు; జైగాంటికా 75 మిల్లీమీటర్ల వరకు పెరగగలదు. మొదటిది చలిప్రాంతాలది, రెండవది ఉష్ణప్రాంతాలది. మన దేశంలో మైదానాలలోను, తెలుగు ప్రాంతాల చెరువులలోను కనిపించేది జైగాంటికాయే.

కొలబద్దతో తేల్చుకోరాదా అని విద్యార్థులకు తోచవచ్చును. పురుగు ముడుచుకొంటుంది, సాగుతుంది. లేతవయస్సులో జైగాంటికా హెపాటికా అంతే ఉంటుంది. ఏ పశువులో పెరిగితే దానినిబట్టి పొడవు మారుతుంది. గ్రుడ్ల కొలతలు కూడా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మన దేశపు పురుగు ఈ రెండూ కాదని భావించి వర్మ 1953లో దానికి ఫాసియోలా ఇండికా అని పేరు పెట్టాడు. అది జైగాంటికాకు మారుపేరు మాత్రమేనని సర్వర్ 1957లో వ్రాశాడు. ఇది కేవలం పేర్ల తగాదా కాదు. హెపాటికాను మోసే నత్త తడిబురదలో బ్రతుకుతుంది. జైగాంటికాను మోసే నత్త చెరువు నీటిలోనే ఉంటుంది. మొదటిదానికి చిత్తడి నేలను ఎండగట్టటం మందు. చెరువును ఎండగట్టమని ఏ రైతుకు చెప్పగలం? జాతి తెలియకుండా చెప్పిన సలహా వృథా అవుతుంది.

ఆకారం తేల్చలేనిదాన్ని జన్యుపదార్థమైన డి.ఎన్.ఏ. తేల్చింది. ప్రతి కణంలోను రైబోసోములకు సంబంధించిన జన్యువులు వందలకొలది ప్రతులుగా ఉంటాయి. వాటి మధ్యనున్న ఖాళీ భాగాలు ఒక జాతిలో దాదాపు మారక, జాతికి జాతికి కొద్దిగా మారుతుంటాయి. 1989లో ఆస్ట్రేలియాలో బ్లేర్, మక్‌మేనస్‌లు ఈ డి.ఎన్.ఏ.ను కత్తెరవంటి ఎంజైములతో కత్తిరించి, ముక్కల పొడవునుబట్టి జాతులను వేరుచేయవచ్చునని చూపించారు. ఎంజైము తనకు ఇష్టమైన అక్షరక్రమం ఉన్నచోటనే కోస్తుంది. అక్కడ ఒక్క అక్షరం మారినా కోయదు. రెండు జాతులకు ఆ ఖాళీ భాగాలలో ఉన్న తేడా వేళ్ళమీద లెక్కించదగినన్ని అక్షరాలే. అయినా అవి చాలు. 1983లో క్యారీ ముల్లిస్ ఊహించిన పి.సి.ఆర్. పద్ధతి వాడుకలోకి రావటంతో, పురుగు చిన్న తునక నుంచి, గ్రుడ్డు నుంచి, నత్త శరీరం నుంచి సైతం జాతిని గుర్తించటం సాధ్యమైంది. పశువును కోసి చూడవలసిన అవసరం తప్పింది.

ఈ పరీక్ష ఒక చిక్కు విప్పుతూ మరొకటి బయటపెట్టింది. ఈ పురుగుకు సాధారణంగా 20 క్రోమోసోములు ఉంటాయి. జపానులో మాత్రం 30 ఉన్న పురుగులు, బీజకణాలు లేక బీజాశయం ఖాళీగా ఉన్న పురుగులు అంతకుముందే కనిపించాయి. అవి మగబీజం లేకుండానే సంతానం పొందుతాయి. 2000లో అగత్సుమా మొదలైనవారు కొరియా పురుగుల డి.ఎన్.ఏ.ను చదివినప్పుడు, ఒకే పురుగులో హెపాటికా అక్షరాలు, జైగాంటికా అక్షరాలు పక్కపక్కన కనిపించాయి. అంటే అవి రెండు జాతుల సంకరం! కొలబద్దలు ఎందుకు తడబడ్డాయో అప్పుడు అర్థమైంది. అంతటితోనూ ఆగలేదు. సంకరంలో ఒక తల్లిదండ్రి రైబోసోము గుర్తు కాలక్రమాన చెరిగిపోవచ్చును. అందుచేత ఒక్క గుర్తును నమ్మి తీర్పు చెప్పరాదని తెలిసి, 2016 నుంచి మరి రెండు జన్యువులను కూడా కలిపి పరీక్షిస్తున్నారు.

2015లో ఈశాన్య భారతంలోని ఇంఫాల్, కోహిమా, గాంగ్‌టక్ ప్రాంతాల పురుగులను ఇట్లా పరిశీలించారు. జైగాంటికా మిక్కుటంగా, ఎంతో వైవిధ్యంతో కనిపించింది; మగబీజం లేని రకం కొద్దిగా దొరికింది. ఆ రకం మైటోకాండ్రియాల డి.ఎన్.ఏ. పొరుగు దేశాల పురుగుల దానితో ఒకటిగానో, ఒక్క అక్షరం తేడాతోనో సరిపోయింది. జైగాంటికా ఆ నేలలో పాతకాపు అనీ, ఈ రెండవది అంత పాతది కాదనీ పరిశోధకుల అభిప్రాయం.