విల్ లా గ్రాన్ తోటగోడ

మన ప్రాంతపు శ్రీసభ చరిత్ర చెప్పుకొనేటప్పుడు 1846తో మొదలుపెట్టడం మనకు అలవాటు. అర్చ్యశిష్ట ఫ్రాన్సిస్ సలేసు సభ గురువులు సవోయ్ కొండలనుండి విశాఖపట్నం చేరినది ఆ సంవత్సరమే. సవోయ్ అప్పటికి ఫ్రాన్సులో కలియలేదు, అది 1860 నాటి మాట. విజయనగరం, శ్రీకాకుళం సీమలు వారి సేవాక్షేత్రములైనవి. ఇక్కడికి వచ్చిన గురువులను గూర్చి మన పెద్దలు చెప్పగా ఎంతో విన్నాము. అక్కడే ఉండిపోయిన వారి సహోదరులను గూర్చి మాత్రం మనం విన్నది బహు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

స్విట్జర్లాండు సరిహద్దున, జెనీవాకు సమీపంలో, విల్ లా గ్రాన్ అనే ఊరు ఉన్నది. అక్కడ ఈ సభవారికి ఒక పాఠశాల ఉండేది. దాని తోట ప్రహరీగోడ సరిహద్దును ఆనుకొని ఉండేది. గోడ దిగి ముళ్ళకంచె దాటితే స్విట్జర్లాండే.

1942 వేసవిలో ఫ్రాన్సులో యూదులను కుటుంబాలతోసహా పట్టి తూర్పునకు రైళ్ళలో పంపసాగారు. ఆ ఆగస్టులోనే స్విట్జర్లాండు తన సరిహద్దు మూసింది. పసిబిడ్డలున్న కుటుంబాలను కొంత కనికరించినా, ఎందరినో వెనుకకు త్రిప్పిపంపింది. ఆ దినములలో పాఠశాల తలుపు తట్టినవారికి లూయీ ఫావ్ర్, జిల్బేర్ పెర్నూ, పియేర్ ఫ్రాంటిన్ అనే గురువులు ఆశ్రయమిచ్చారు. బ్రదర్ రేమొన్ బొకార్ పైఅంతస్తు కిటికీలోనుంచి దారిని కనిపెట్టి చూసేవారు. కాపలా సిపాయిలు మలుపు తిరిగి కనుమరుగు కాగానే టోపీ ఊపేవారు. గోడనీడన నిచ్చెనతో కాచుకొన్నవారికి అదే గుర్తు. సిపాయిలు మరల వచ్చేలోగా, కొద్ది నిమిషాలలో, తల్లులూ పిల్లలూ ముసలివారూ గోడ దిగి కంచె దాటాలి. ఇలా వందలమంది దాటారు.

సవోయ్‌వారంతా ఇట్టివారేనని మేము వ్రాయబోము. సొమ్ము పుచ్చుకొని దారి చూపినవారున్నారు, శత్రువుకు పట్టి ఇచ్చినవారూ ఉన్నారు. అట్టిచోట ఇరుగుపొరుగు నోరు మెదపకుండుట కూడ చిన్న సహాయం కాదు.

1943 సెప్టెంబరులో ఇటాలియనుల స్థానంలో జర్మనులు వచ్చాక ప్రమాదం ఇంకా పెరిగింది. 1944 ఫిబ్రవరి 3న ఫాదర్ ఫావ్ర్‌ను పట్టుకొన్నారు. ఆ మే నెలాఖరున, పిల్లలను సరిహద్దుకు చేరుస్తున్న మరియాన్ కోన్ అనే యూదు యువతి వారితోసహా దొరికిపోయింది. ఆమెను తప్పించే ఉపాయం ఉన్నా, పిల్లలమీద కక్ష తీర్చుకొంటారని ఆమె ఒప్పుకోలేదు. జూలై 8న ఆ విల్ లా గ్రాన్‌లోనే ఆమెను చంపారు. ప్రక్కనున్న అన్మాస్ పట్టణపు మేయరు జాన్ దెఫో జర్మనులను బ్రతిమాలి, చిన్నవారిని తన పూచీమీద చెరనుండి బయటికి తెచ్చాడు. పిల్లలందరూ బ్రతికారు. ఫాదర్ ఫావ్ర్‌ను జూలై 16న వియుజీలో కాల్చిచంపారు. మరి నెలరోజులకే ఆ సీమకు విముక్తి కలిగింది. తరువాతి కాలంలో యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ ఆ ముగ్గురు గురువులనూ, బ్రదర్ బొకార్‌నూ నీతిమంతుల జాబితాలో చేర్చింది.

అప్పుడు ఇక్కడ ఇదే సభకు చెందిన రోసియోన్ మేత్రాణులవారు పీఠాధిపతులు. యుద్ధం మనకూ దూరం కాలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంమీద జపానువారి బాంబులు పడ్డాయి. రంగూనులో కూలికి పోయిన మన జిల్లాలవారు అడవులూ కొండలూ పడి నడిచి, రోగాలతో, కట్టుబట్టలతో తిరిగివచ్చారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. వచ్చినవారికి చావడిలోనో వసారాలోనో చోటిచ్చి గంజి పోసినవారి పేర్లు ఏ జాబితాలోనూ లేవు. మన విచారణలలో ఆ సంగతులు విన్న ముసలివారు ఇంకా ఉంటే, ఈ సంవత్సరంలోనే వారివద్ద కూర్చొని వ్రాసిపెట్టుకొందాము.